తీర్మానమా? బడ్జెటా?

ఫలానా సంవత్సరమునాటికి మా నగరము వెలువరించు బొగ్గుపులుసు వాయువు, తిరిగి హరింపబడుదానికంటె మించదని తీర్మానము గావించుట సులభము. కరతాళధ్వనులు మ్రోగును, తీర్మానము మినిట్సు పుస్తకమున నిద్రించును. ఆ పుస్తకమును మరల తెఱచువా రెవ్వరు?

నార్వే రాజధానియగు ఓస్లో నగరము దీనికి చెప్పిన సమాధానము ఆలకింపదగినది. 2009 నాటి వాయువులలో నూటికి 95 వంతులు 2030 నాటికి తగ్గింపవలెనని ఆ నగర సంకల్పము. సంకల్పమున విశేషము లేదు. 2017 సంవత్సరపు ఆదాయవ్యయ పట్టికతోనే వాయువుల పట్టికను గూడ చేర్చి, నాటినుండి ఏటేట నట్లే చేయుచున్నది, విశేష మదియే. ఏ శాఖ యే పని చేయవలెను, దానివలన ఎన్ని టన్నులు తగ్గును, జవాబుదారి యెవరు అను సంగతులన్నియు అందు వ్రాయబడును. రొక్కపు లెక్క చెప్పునప్పుడే టన్నుల లెక్కయు చెప్పవలెను. ఈ బాధ్యతను పర్యావరణశాఖ కొక్కదానికే విడువక, తాళపుచెవులు గల ఆర్థికశాఖపై నుంచిరి. సొమ్ము చేతనున్నవాని మాట తక్కిన శాఖలు వినును. ఉపదేశకుని మాట వినవు. మన కచేరీల నెఱిగినవారి కిది వివరింప నక్కఱలేదు.

అయినను నగరము సర్వస్వతంత్రము గాదు. కోపెన్‌హాగెన్ నగరము 2025 నాటికే గమ్యము చేరుదునని 2012లో ప్రణాళిక వేసికొని, 2022లో ఆ గడువు తప్పునని యొప్పుకొనినది. చెత్తను కాల్చు కర్మాగారపు పొగనుండి వాయువును పట్టి నిలుపు యంత్రమునకు ప్రభుత్వ ధనసహాయము దొరకకపోవుటయే అందుకు ముఖ్యకారణము.

మన పురపాలక సంఘముల స్థితి యింతకంటె హీనము. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము నీరు, చెత్త, వీధిదీపములు, పర్యావరణ రక్షణ మున్నగు 18 విషయములను పట్టికగా నిచ్చినదే గాని, వీనిని రాష్ట్రశాసనసభ సంఘముల కొసగ‘వచ్చును’ అనినది, ‘వలయును’ అనలేదు. ఆ యొక్క క్రియాపదమునందే మన పౌరస్వపరిపాలనము చిక్కుపడియున్నది. విద్యుత్తు పంపిణీ, బస్సులు ప్రభుత్వసంస్థల చేతిలోనివి.

కాని చేతనున్నదానికైనను లెక్క గలదా? నీటి పంపుల కరెంటు బిల్లును, చెత్తబండ్ల చమురుఖర్చును పురజనుల పన్నులే భరించుచున్నవి. విశాఖ నగరపాలక సంస్థ ముడసర్లోవ జలాశయముపై 2 మెగావాట్ల సూర్యవిద్యుత్ పలకలను 2018లో తేలవేసినది. చేయదలచిన చేయవచ్చుననుటకు ఇది తార్కాణము. ముంబయి నగరపాలక సంస్థయు 2024లో ఓస్లో తరహా పట్టికను ప్రకటించినది. ఇక వార్డునకు వోటడుగ వచ్చువారిని, బడ్జెటులో రూపాయల ప్రక్కన టన్నుల గడిని చేర్పింతురా, అందు ఏ యుద్యోగి పేరు వ్రాయింతురు అని మన పఠనమందిరముల వారు అడిగి, సమాధానమును వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను.