వాతావరణం వద్దన్నా... వీఐపీ ప్రయాణం ఆగదా?

మండవల్లి: శివరాత్రి వచ్చేదాకా కొల్లేటి పల్లెలను ఉదయపు మంచు వదలదు. చెరువు గట్టు ఎక్కడ ముగిసిందో, నీరు ఎక్కడ మొదలైందో కానరాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి ప్రయాణం ఇక్కడే ముగిసింది. భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరిన బెల్ 206 హెలికాప్టర్ మండవల్లి మండలం కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలింది. ఆయనతో పాటు పైలట్, భద్రతాధికారి దుర్మరణం పాలయ్యారు. ఎదుటి దృశ్యం సరిగా కనిపించకపోవడమే ప్రమాదానికి దారితీసింది.

చిన్న హెలికాప్టర్‌ను పైలట్ ప్రధానంగా కంటిచూపుతోనే నడుపుతాడు. మంచు కమ్మితే నింగి, నేల కలిసిపోతాయి. కదలని నీటిపై ఎత్తును అంచనా వేయడం మరీ కష్టం. ఎటు చూసినా చెరువులే ఉన్న లంక గ్రామాలపై ఈ ముప్పు రెట్టింపు.

ఇది ఒంటరి ఉదంతం కాదు. అంతకు అయిదు నెలల ముందే, 2001 సెప్టెంబరు 30న, ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి వద్ద ప్రతికూల వాతావరణంలో చిన్న విమానం కూలి కేంద్ర మాజీ మంత్రి మాధవరావు సింధియా మరణించారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. నల్లమలపై కారుమేఘాల్లో చిక్కిన హెలికాప్టర్‌ను బలమైన అధోముఖ గాలి కిందికి నెట్టేసిందని విచారణ సంఘం తేల్చింది. అయిదుగురు అసువులు బాశారు.

ఒకచోట ఎదుటిదారి మూసుకుపోయింది, మరోచోట మేఘం మింగేసింది. ఆగి ఉంటే దక్కే ప్రాణాలే ఇవన్నీ. అయితే ఆగడం అంత సులువా? ఎదురుచూసే జనం, వరుస సభలు, నాయకుల తొందర... ఇవన్నీ పైలట్ నిర్ణయంపై భారం మోపుతాయి.

వీఐపీ ప్రయాణాలకు మార్గదర్శకాలు లేకపోలేదు. విమానాశ్రయాల్లో వాతావరణాన్ని గమనించే యంత్రాంగమూ ఉంది. పాఠశాల మైదానంలో ఒక్కరోజు కోసం వెలిసే హెలిప్యాడ్‌కు ఆ సదుపాయం ఉండదు. నేల చదును చేస్తారు, సున్నంతో గుర్తు వేస్తారు, అగ్నిమాపక శకటాన్ని నిలుపుతారు. మంచు ఎంత దట్టంగా ఉందో, ఎంత దూరం కనిపిస్తోందో పైలట్‌కు ముందుగా చెప్పే బాధ్యతనూ ఒక అధికారికి అప్పగించాలి. పైలట్ వద్దంటే అదే తుదిమాట కావాలి.

2022లో మండవల్లి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. కొల్లేటి మంచు మాత్రం మారలేదు. సభ గంట ఆలస్యమైతే జనం ఓపిక పడతారు. పోయిన నాయకుడిని ఏ జనమూ తిరిగి తెచ్చుకోలేరు.