ఊరి పాటకు ఊరే అండ

ప్రత్తిపాడు చేలల్లో పత్తి తీతలు, మిరప కోతల వేళ కూలీల నోట పుట్టే పాట చేను గట్టు దాటడం లేదు. దాటించే దారి మాత్రం ఉంది: ఊరి సొంత రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలూ సామాజిక రేడియో పెట్టుకోవచ్చు.

జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ‘సంఘం రేడియో’ 2008 అక్టోబరు 15న మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు మైకు పట్టారు. అక్కడి ఆడవాళ్ల పాటలు, విత్తనాల ముచ్చట్లు 90.4 ఎఫ్‌ఎంలో వినిపించాయి. ఎంత గొప్ప పని!

ఇలాంటి కేంద్రాలు లాభం చూసుకోరాదు, ప్రకటనలకూ పరిమితి ఉంది. కరెంటు బిల్లుకూ ట్రాన్స్‌మిటర్ మరమ్మతుకూ శ్రోతల సంఘం అండ కావాలి. ప్రత్తిపాడు రైతు, మహిళా సంఘాలు ముందు ఆ సంఘాన్ని కట్టాలి. లైసెన్సుకు దరఖాస్తు ఆ తర్వాత పెట్టాలి.