కుట్టుమిషను చాలునా?

గాయపడిన చేతికి కట్టు కట్టుట యొకటి. ఆ చేయి మరల బలము పుంజుకొని తన కూడు తాను సంపాదించుకొనునట్లు చేయుట వేరొకటి. మొదటిదానికే మన సంఘము వెనుకముందాడుచున్నది. రెండవదానిని గూర్చి సభలయందు ఉపన్యసించి చేతులు దులుపుకొనుచున్నది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, వివాహమైన 18–49 ఏండ్ల స్త్రీలలో భర్తవలన హింసకు లోనైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది. తెలంగాణమున దాదాపు 37 మంది. నోరు విప్పి చెప్పినవారి లెక్క యిది. నోరు మూసుకొన్నవారి లెక్క ఎవరు వ్రాయగలరు?

దెబ్బలు తిన్న స్త్రీ మరల ఆ గడపనే యేల త్రొక్కునని కొందరు ప్రాజ్ఞులు ప్రశ్నింతురు. మరెక్కడికి పోవలెనో వారే సెలవిత్తురు గాక! పుట్టినింటివారు సర్దుకొమ్మందురు. పెద్దమనుష్యులు రాజీ చేసి పంపుదురు. చేత కాసు లేదు, చంకలో బిడ్డ. ఆకలియా, దెబ్బలా యని ఎంచుకొనవలసి వచ్చిన తల్లి బిడ్డ మొగము చూచి దెబ్బలనే ఎంచుకొనుచున్నది. దీనికి పాతివ్రత్యమని పేరు పెట్టి మనము సంతోషించుచున్నాము!

చట్టము లేకపోలేదు. 2005లో చేయబడి 2006 అక్టోబరు 26 నుండి అమలునకు వచ్చిన గృహహింస నిరోధక చట్టము కొట్టుటనే గాక, తిండికి ధనమీయక మాడ్చుటను, స్త్రీధనమును హరించుటను గూడ హింసగా నెంచినది. కలసి కాపురమున్న ఇంట నివసించు హక్కు నిచ్చినది. మొదటి విచారణనుండి 60 దినములలో అర్జీని తేల్చుటకు యత్నింపవలెనన్నది. కాని న్యాయస్థానముల వరండాలలో నిలుచున్నవారికి వాయిదాల సంగతి తెలియనిది కాదు. కాగితముమీది హక్కుతో పొయ్యి రాజునా?

కనుకనే వ్యాపారశిక్షణ కావలెనని మేమును ఘోషించుచున్నాము. అయితే ఎట్టి శిక్షణ? కొన్నినాళ్ళు శిబిరము, ఒక యోగ్యతాపత్రము, ఒక కుట్టుమిషను, ఒక ఛాయాచిత్రము – ఇంతటితో స్త్రీ యుద్ధరింపబడినదా? ఒకే వీధిలో పదిమందికి రవికలు కుట్టుట నేర్పిన గుడ్డ యిచ్చువారెవరు? మిషనును భర్త తాకట్టు పెట్టిన అడ్డువారెవరు? పొదుపుసంఘమున అప్పు ఆమె పేర, సొమ్ము అతని చేత, వాయిదాలు మరల ఆమె నెత్తిన! ఇంతేకాదు, ఊరు విడిచిన నాడామె సంఘమును గూడ విడిచినట్లే. ఆధారుకార్డు, చదువు పత్రములు అత్తవారింటి పెట్టెలో చిక్కుకొన్నవి. అప్పు అడుగుటకే ఆమెకు ఆధారము లేదు.

నిజమైన శిక్షణ సరకు ఖరీదు కట్టుట, ధర నిర్ణయించుట, చిట్టా వ్రాయుట నేర్పును. ఆమె పేరనే బ్యాంకుఖాతా తెరపించును. పోయిన పత్రములను తిరిగి తెప్పించును. బిడ్డను చూచుకొను తావును, వ్యాపారము నిలద్రొక్కుకొనువరకు తలదాచుకొను నీడను చూపును. అన్నిటికంటె ముఖ్యముగా కొనువారిని చూపును. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడములు వత్తుట ప్రారంభించిరి. అదియే నేటి లిజ్జత్ సంస్థ. వత్తిన చేతులే అందు యజమానులగుటయే దాని బలము. మన ప్రభుత్వములు వసతిగృహముల దుస్తులను, పురపాలక సంఘముల దుకాణములను, రైతుబజారుల అంగళ్ళను కొంత భాగము ఈ స్త్రీలకు కేటాయింపరాదా? సఖి కేంద్రమునకు వచ్చిన స్త్రీని, ఆమె నేడున్న చోటనే, పొదుపుసంఘమున చేర్పింపరాదా?

స్త్రీ సంపాదించిన కాపురము చెడునని కొందరందురు. పిడికిలితో నిలుచు కాపురము ఇదివరకే చెడినది. ఆమె సంపాదించుచున్నది గదా, మనోవర్తి యేల యని మరికొందరందురు. ఇది మరింత మోసము. శిక్షణ న్యాయమునకు తోడు కావలెను గాని బదులు కారాదు. ఆమె కష్టార్జితము అతని నేరమునకు మాఫీపత్రము కాదు.

1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించిన నాడు ఊరు వెలివేయజూచినది. 1922లో గుంటూరున ఉన్నవ దంపతులు శారదానికేతనమును, 1937లో చెన్నపురిలో దుర్గాబాయమ్మగారు ఆంధ్రమహిళాసభను స్థాపించిరి. వారెవరును లోకము మారువరకు వేచియుండలేదు.

పఠనాలయమున కూర్చుండి దీనిని చదువు సోదరులారా! ప్రభుత్వమును నిందించుట సులభము. ఒంటరి స్త్రీకి మీ వీధిలో గది అద్దెకిత్తురా? ఆమె అంగట సరకు కొందురా? పొరుగింట కేక వినబడిన తలుపు తట్టుదురా? ఈ మూడింటికి అవునని చెప్పగలిగిననాడు మిషనులు పంచు సభలలో చప్పట్లు కొట్టుటకు మనకు అర్హత కలుగును. అంతవరకు ఆ చప్పట్లు ఆమె చెవికి మరియొక చెంపదెబ్బవలెనే వినబడును.