లోకల్ సరే, సర్కారు బడి మాటేంది?

ఇంటర్ దాకా వరుసగా నాలుగేండ్లు ఇక్కడ చదివినోళ్లే మెడికల్ సీట్లకు లోకల్ అన్న 2024 నాటి జీవో 33ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న సమర్థించింది. మంచిదే. ముల్కీ నాటి నుంచి కొట్లాడుతున్న హక్కు ఇది.

కానీ మన పిల్లల్లో సీటు ఎవరికి? నీట్ ర్యాంకు లాంగ్‌టర్మ్ కోచింగుకు లక్షలు పోసినోళ్ల దిక్కే మొగ్గుతోంది. జల్‌పల్లి సర్కారు బడిలో చదివే కూలీ బిడ్డ ఆ పోటీలో ఎట్ల నిలవాలె?

తమిళనాడు 2020లోనే చట్టం చేసింది. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివి నీట్ పాసైన పిల్లలకు 7.5 శాతం సీట్లు కేటాయించింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు? స్థానికత గెలిచింది. ఇక పేదోళ్ల బిడ్డ గెలవాలె. విద్యార్థులారా, ఉద్యోగులారా, పాలకులను నిలదీద్దాం!