విజయమునకు ముందటి రూపాయి

పతకము గెలిచిన బాలునకు పూలదండ వేయుటకు మన దేశమున చేతులకు కొదువ లేదు. విమానాశ్రయమున జనసమ్మర్దము, పురవీథుల నూరేగింపు, సచివుల హస్తముల మీదుగా లక్షల బహుమానము: ఇవి యన్నియు జరుగుచున్నవి. జరుగవలసినవే. కాని యా బాలుడే కొన్నియేండ్లకు పూర్వము చిరిగిన చెప్పులతో మైదానపు వాకిట నిలిచినపుడు వానిని లోనికి పిలిచినవారెవరు? మేమడుగునది ఈ ప్రశ్న.

బేగంపేటను చూడుడు. ఒకవంక 1923లో జాగీర్దారుల బిడ్డలకై వెలసిన కళాశాల నేడు హైదరాబాదు పబ్లిక్ స్కూలను పేరున నూరెకరములకు మించిన యావరణములో వర్ధిల్లుచున్నది. వేఱొకవంక పాత విమానాశ్రయము చెంత రసూల్‌పురా: ఇరుకుసందులు, కూలివారి యిండ్లు, బాలుర యాటకు వీథియే రంగము. పాత సైకిలు ముందుచక్రమును గాలిలోనికి లేపి, వెనుకచక్రముపైననే పదిగజములు సాగిపోవు కుఱ్ఱని ఇట్టి పేటలలో చూడనివారుందురా? పెద్దలు వానిని పోకిరి యందురు. లోకమో, యట్టి సాహసమునే బి.ఎం.ఎక్స్. అను క్రీడగా తీర్చి, 2008 బీజింగు ఒలింపిక్కులలో దాని పందెమును, 2021లో టోకియోలో దాని విన్యాసమును చేర్చినది.

ఈ క్రీడ రాజభవనములలో పుట్టినది కాదు. 1970 ప్రాంతమున కాలిఫోర్నియాలో మోటారు సైకిలు నెక్కు వయస్సు లేని పిల్లలు, పెద్దల పందెములను చూచి, తమ చిన్న సైకిళ్లతో మట్టిదిబ్బలపై దుమికిరి. అదియే దీని జన్మకథ. లండను నగరమున పేదరికమునకు పేరుపడిన పెక్‌హాం పేటలో 2004లో నొక బి.ఎం.ఎక్స్. సంఘము వెలసినది. ఆ సంఘమున పెరిగిన కై వైట్ టోకియోలో రజతపతకము నందెను. పేట మారలేదు, బాలుడు మారలేదు. బాటయు శిక్షకుడును లభించుటయే జరిగిన మార్పు.

సైకిలు విషయమున కాకున్నను, పడవల విషయమున ఇట్టి కృషి మన బేగంపేట చేరువనే సాగుచున్నది. హుస్సేనుసాగరమున తెరచాప పడవ నడపుట చిరకాలము సైన్యాధికారులకును క్లబ్బుల సభ్యులకును తగిన వినోదముగా నుండెను. సుహేం షేక్ అను శిక్షకుడు యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌ను నెలకొల్పి, రసూల్‌పురాలోని ఉద్భవ్ పాఠశాల వంటి విద్యాలయముల పేద బాలబాలికలకు ఆ విద్య గఱపుచున్నాడు. వారెక్కు ఆప్టిమిస్టు పడవ కథయు గమనింపదగినది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్, సామాన్యుల పిల్లలకు స్వల్పవ్యయముతో లభింపవలెనని, రెండు ప్లైవుడ్ పలకలతో దానిని రూపొందించెను. నేడు పందెమునకు తగిన పడవ లక్షలతో గూడిన మాట! పేదబాలుని యాట పేరుగాంచిన కొలది పేదబాలునకే దూరమగుచున్నది. అయినను ఈ క్లబ్బున శిక్షణ పొందిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో భారతదేశము పక్షమున పడవ నడపినది.

“కూటికి లేనివారికి తెరచాపలేల, విన్యాసపు సైకిళ్లేల?” యని కొందఱందురు. ఈ మాట పలుకువారి బిడ్డలకు టెన్నిసు బంతి యేలయని యెవరు నడుగరు. గాలి యెటు తిరుగునో కనిపెట్టి చుక్కాని త్రిప్పిన బాలిక, కిందపడి మోకాలు తుడుచుకొని మరల సైకిలెక్కిన బాలుడు, జీవితమున దేనికిని సులభముగా తలవంచరు. ఆ ధైర్యము ధనికుల యాస్తి కారాదు.

మన పురాతన కథ కాదు, మన జంటనగరముల కథయే యొకటి చెప్పెదము. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఫుట్‌బాలు ఆటకాడు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వానిని హైదరాబాదునకు రమ్మనగా, దినదినము వచ్చిపోవుటకు పైకము లేదని యా యువకుడు విన్నవించుకొనెను. సైకిలు అద్దెకు రోజునకొక రూపాయి తానిచ్చెదనని రహీం పలికెను. ఆ బలరాం 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో నాలుగవస్థానము పొందిన జట్టులోను, 1962లో జకార్తాలో స్వర్ణము గెలిచిన జట్టులోను ఆడెను. తరువాతి గౌరవములన్నియు ఆ రూపాయికి వడ్డీ మాత్రమే.

కాని దేశమంతయు రహీముల దాతృత్వముపై నాధారపడజాలదు. ఒక్కని కరుణ యలసిన దినమున నూఱుగురు బాలుర విద్య యాగిపోవును. కావున మేము కోరునది స్వల్పము: పేటకొక మట్టిబాట; దాచిపెట్టుటకు కాక యెరువిచ్చుటకై కొన్ని సైకిళ్లు, శిరస్త్రాణములు, పడవలు; శిక్షకునకు నెలనెల తప్పని జీతము; సాధన చేసిన పిల్లలకు సాయంకాలము పిడికెడు తిండి. మట్టిబాటకు గోపురములక్కఱలేదు, శంకుస్థాపన శిలాఫలకమును అక్కఱలేదు. ప్రభుత్వము స్థలమీయవలెను, పురపాలకులు దానిని కాపాడవలెను, విశాలమైన యావరణములు గల పాఠశాలలు వారమునకొక దినము తమ ద్వారములను పొరుగుబిడ్డలకు తెఱవవలెను.

గెలిచినవానికి కోటి యిచ్చుట కీర్తికి వెల కట్టుట. గెలువని వానికి రూపాయి యిచ్చుట మనుష్యుని నమ్ముట. రసూల్‌పురా బాలుడు నేడు వాకిట నిలిచియున్నాడు. పూలదండ పిమ్మట చూచుకొందము. ముందా రూపాయి యిచ్చువారెవరు?