పోర్టల్‌లోకి వెళ్లిన కుర్రాణ్ణి తిట్టేముందు

2025 నవంబర్ 3న కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ మొదలైంది. ఏపీ పోల్‌లో పర్డ్యూకి నంబర్ వన్ ఇచ్చారు. సీజన్ మొదలవకముందే ఆ ర్యాంకు రావడం పర్డ్యూ చరిత్రలో ఇదే మొదటిసారి. ఇండియానాలో ఉన్న మనవాళ్ల గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఇదే గోల. మంచిదే. క్రికెట్, సినిమా, వీసా బులెటిన్ తర్వాత మాట్లాడుకోవడానికి నాలుగోది ఒకటి దొరికింది.

అయితే ఈ చర్చల్లో ఒక మాట పదేపదే వస్తోంది. దాని మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది కాబట్టే ఇంత పెద్ద పోస్టు పెడుతున్నాం. ఆ మాట ఏంటంటే: "ఈ పిల్లలకి లాయల్టీ లేదు. నాలుగు డాలర్లు ఎక్కువ చూపిస్తే చాలు, దూకేస్తారు."

2025 వేసవికి ముందు క్యామ్ హైడీ పర్డ్యూ వదిలి టెక్సస్‌కి, మైల్స్ కోల్విన్ వేక్ ఫారెస్ట్‌కి వెళ్లినప్పుడు గ్రూపుల్లో వచ్చిన మెసేజీలు అన్నీ చూశాం. ఏరు దాటాక తెప్ప తగలేశారని ఒకరు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టారని ఇంకొకరు. రాసింది ఎవరో బయటివాళ్లు కాదు. నాలుగేళ్లలో మూడుసార్లు హెచ్-1 ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్న మన అన్నలే! అన్నా, మీమీద కోపం లేదు. మీరు మారింది కరెక్టే. మరి ఆ కుర్రాడు మారితే తప్పెలా అయింది?

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం పద్ధతి క్లుప్తంగా చెప్తాం. ఇదివరకు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారితే సాధారణంగా ఒక సంవత్సరం ఆడకుండా కూర్చోవాలి. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. అదొక జాబితా అంతే. కుర్రాడు తన కాలేజీకి చెప్తే పేరు ఎక్కిస్తారు, మిగతా కోచ్‌లు అప్పుడు అతనితో మాట్లాడొచ్చు. 2021 ఏప్రిల్‌లో ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు. 2024 ఏప్రిల్‌లో, చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. ఇంకోపక్క 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నాం. 2025 జులై 1 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు, తొలి ఏడాది ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్ తినేస్తుందనుకోండి, అది వేరే కథ.

మన ఐపీఎల్ వేలంతో దీన్ని పోల్చేవాళ్లున్నారు. పొంతన లేదు. వేలంలో ఆటగాణ్ణి టీములు పాడుకుంటాయి, ఎవరు పాడితే వాడు అక్కడికి పోవాలి. ఇక్కడ కుర్రాడు తనకు తానే పేరు పెట్టుకుంటాడు, తనే ఎంచుకుంటాడు.

ఇక లాయల్టీ సంగతి. 2024 ఏప్రిల్‌లో జాన్ కాలిపారీ కెంటకీని వదిలి ఆర్కన్సాకి వెళ్లాడు. పదిహేనేళ్లు కోచ్‌గా ఉన్న మనిషి. ఆయన్ని ఒక సంవత్సరం కూర్చోమని ఏ రూలూ చెప్పలేదు, ఏ రోజూ చెప్పలేదు. ఆయన తర్వాత వచ్చిన మార్క్ పోప్‌కి పాత స్కాలర్‌షిప్ ఆటగాడు ఒక్కడంటే ఒక్కడు మిగల్లేదు, టీమ్ మొత్తం కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. కోచ్‌ని నమ్మి వచ్చిన పద్దెనిమిదేళ్లవాడు, ఆ కోచ్ వెళ్లిపోయాక అక్కడే ఉండి ఎవరికి లాయల్టీ చూపించాలి? బిల్డింగ్‌కా?

ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. "మేం స్పాన్సర్ చేశాం, మేం లేకపోతే నువ్వు ఇక్కడ ఉండేవాడివా" అనే మాట మనలో ఎంతమంది వినలేదు? మాలో ఒకరు పనిచేసిన కన్సల్టెన్సీలో (పేరు అనవసరం) రెండేళ్లలోపు వెళ్తే డ్యామేజీలు కట్టాలని ముందే సంతకం పెట్టించుకున్నారు. ప్రాజెక్ట్ అయిపోయి బెంచ్ మీదకి రాగానే అదే కంపెనీ నుంచి ఫోన్లు ఆగిపోయాయి. బెంచ్ మీద ఉన్నా జీతం ఇవ్వాలని చట్టం ఉంది. ఎంతమందికి ఇస్తున్నారో మీకు తెలుసు. అంటే లాయల్టీ కింద నుంచి పైకి పోవాలి తప్ప పైనుంచి కిందకి రాదన్నమాట. ఇప్పుడు కొన్ని కాలేజీలు కూడా ఒప్పందాల్లో మధ్యలో వెళ్తే ఇంత కట్టాలని షరతు పెడుతున్నాయి. ఆ కాగితం చూస్తే మనకి కొత్తగా ఏమీ అనిపించదు.

పోర్టల్ అంటే లాటరీ తగిలినట్టే అనుకునేవాళ్లు ఇంకో లెక్క కూడా చూడండి. 2025లో మగవాళ్ల బాస్కెట్‌బాల్‌లోనే డివిజన్ వన్ నుంచి 2,000 మందికి పైగా పోర్టల్‌లోకి వెళ్లారు. ఉన్న టీములు 360 పైచిలుకు. కొత్త పద్ధతిలో చేరిన కాలేజీల్లో ఒక్కో టీమ్‌కి 15 మందే. వాటిలోకి హైస్కూల్ నుంచి వచ్చేవాళ్లూ ఉండాలి, ఉన్నవాళ్లూ ఉండాలి. పోర్టల్‌లో పేరు పడ్డాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ నిలబెట్టాలనే గ్యారంటీ లేదు. మనం టీవీలో చూసేది పెద్ద పేర్లు. మిగతావాళ్లలో చాలామంది ఒక మెట్టు కిందకి దిగుతారు, కొందరికి అదీ దొరకదు. 2025లో పోర్టల్ తెరిచింది మార్చి 24 నుంచి ఏప్రిల్ 22 దాకా. ముప్పై రోజులు. ఉద్యోగం పోయినప్పుడు మనకి అరవై రోజులుంటాయి, క్యాలెండర్ మీద గీతలు కొట్టుకుంటూ కూర్చుంటాం కదా. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ దేశంలో మనకంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ.

పూర్తిగా ఒకటే అని మేం అనడం లేదు. ఒహాయో నుంచి వచ్చిన కుర్రాడికి టీమ్ దొరక్కపోతే ఇంటికి వెళ్తాడు, డిగ్రీ చేసుకుంటాడు. మనకి దొరక్కపోతే సామాను అమ్ముకుని, పిల్లల్ని స్కూల్ మాన్పించి ఫ్లైట్ ఎక్కాలి. ఆ తేడా చిన్నది కాదు.

కానీ ఆ తేడా కూడా లేని కుర్రాళ్లు కొందరున్నారు. వాళ్ల గురించి మన గ్రూపుల్లో ఒక్కరూ మాట్లాడరు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాం.

విదేశాల నుంచి వచ్చి ఇక్కడి కాలేజీల్లో ఆడే చాలామంది ఏ వీసా మీద ఉంటారు? ఎఫ్-1. అదే మనం వచ్చిన వీసా. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, బయట పనిచేయాలంటే సీపీటీ, ఓపీటీ లాంటి పర్మిషన్ ఉండాలి. గ్యాస్ స్టేషన్‌లో దొంగచాటుగా పనిచేసి ఎక్కడ పట్టుబడతామో అని భయపడ్డ కథలు మన తరానికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2021లో ఎన్‌ఐఎల్ వచ్చినప్పుడు మారింది కాలేజీ ఆటల రూలు. ఇమిగ్రేషన్ రూలు కాదు. యాడ్‌లో నటించడం, షాపులో కూర్చుని సంతకాలు పెట్టి డబ్బు తీసుకోవడం ఇమిగ్రేషన్ వాళ్ల లెక్కలో 'పని' కిందకి వస్తే ఆ కుర్రాడి స్టేటస్‌కే ముప్పు.

ఆస్కార్ షీబ్వే గుర్తున్నాడా? కాంగో దేశం నుంచి వచ్చాడు. వెస్ట్ వర్జీనియాలో ఆడి కెంటకీకి మారాడు. 2022లో దేశంలో బెస్ట్ ప్లేయర్ అతనే. లెక్సింగ్టన్‌లో అతని మొహం తెలియని మనిషి లేడు. అతని పక్కన ఆడే అమెరికా కుర్రాళ్లు యాడ్‌లు చేసుకుంటుంటే, అతను వీసా చూసుకుని ఆగాల్సి వచ్చింది. చివరికి 2022 ఆగస్టులో కెంటకీ టీమ్ బహామాస్‌కి ఆడటానికి వెళ్లినప్పుడు, అమెరికా నేల మీద లేడు కాబట్టి, అక్కడ ఒప్పందాల పని పెట్టుకున్నాడు. దేశంలోకెల్లా మంచి ఆటగాడు తన పేరు మీద తాను సంపాదించుకోడానికి సముద్రం దాటాలి! ఇది చదివి నవ్వొస్తే నవ్వండి. స్టాంపింగ్ కోసం మెక్సికోకీ కెనడాకీ పరుగెత్తినవాళ్లం, మాకు మాత్రం అంత నవ్వు రాలేదు.

మన జాక్ ఈడీ సంగతీ అంతే. టొరంటో కుర్రాడు, 7 అడుగుల 4 అంగుళాలు. చిన్నప్పుడు హాకీ, బేస్‌బాల్ ఆడి, హైస్కూల్ మధ్యలో బాస్కెట్‌బాల్‌కి వచ్చాడు. 2023, 2024 రెండేళ్లూ దేశంలో ఉత్తమ ఆటగాడు. 2024లో పర్డ్యూని ఫైనల్ దాకా మోసుకెళ్లాడు, అక్కడ యూకాన్ చేతిలో 75-60తో ఓడిపోయాం. మ్యాకీ అరీనాలో 14 వేల పైచిలుకు సీట్లు అతన్ని చూడ్డానికే నిండేవి. కెనడావాడైనా అతనికీ అదే వీసా కట్టు. అమెరికా స్టార్‌కి వచ్చినంత డబ్బు అతనికి ఎన్‌ఐఎల్‌లో వచ్చే దారి లేదు. 2024 జూన్‌లో మెంఫిస్ గ్రిజ్లీస్ తొమ్మిదో పిక్‌గా తీసుకున్నాక గానీ అతని ఆటకి తగ్గ జీతం మొదలవలేదు.

2025లో ఈ చిక్కు ఇంకా పెద్దదైంది. కాలేజీలే నేరుగా డబ్బు ఇచ్చే రోజు వచ్చింది, అదే సమయానికి యూరప్ కుర్రాళ్లు వరస కట్టి వస్తున్నారు. 2025-26 సీజన్‌కి ఇలినాయ్‌లో క్రొయేషియా కవలలు ఇవిసిచ్ సోదరులు ఉన్నారు. మన పర్డ్యూలోనే ఇజ్రాయెల్ నుంచి ఒమర్ మేయర్, ఆస్ట్రేలియా నుంచి ఆస్కార్ క్లఫ్. వాడుకున్నది ఫొటో మాత్రమే, పని చేయించలేదు, ఇది రాయల్టీ లాంటిది అని లాయర్లు దారులు వెతుకుతున్నారు. ఆ దారి నిలబడుతుందో లేదో తేలేదాకా రిస్కు ఎవరిది? కాలేజీది కాదు. ఫైన్ పడితే కాలేజీ కట్టుకుంటుంది. స్టేటస్ పోయేది కుర్రాడికి.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి ఆటగాడు తన పేరు మీద సంపాదించుకోవచ్చని రూలు స్పష్టంగా రాయాలి. అలా రాస్తే మనకేంటి లాభం అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. డైరెక్ట్‌గా ఏమీ లేదు. కానీ విదేశీ విద్యార్థి కష్టం మీద అందరూ సంపాదించుకోవచ్చు, అతను తప్ప, అనే పద్ధతి ఎక్కడ సడలినా మనకి మంచిదే. అసలు లాభం ఉంటేనే మాట్లాడాలా?

ఏజెంట్ల గురించి రెండు ముక్కలు. ప్రొఫెషనల్ లీగ్‌లో ఆటగాడి కాంట్రాక్ట్ మీద ఏజెంట్ నాలుగు శాతానికి మించి తీసుకోకూడదు, ప్లేయర్ల యూనియన్ కట్టిన హద్దు అది. కాలేజీ ఆటగాళ్లకి యూనియన్ లేదు, అలాంటి ఒక్క హద్దు లేదు. పోర్టల్‌లో పెట్టించింది ఎవడో, ఎంత తిన్నాడో కుర్రాడి ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలియని పరిస్థితి. క్లయింట్ ఎంత ఇస్తున్నాడో తెలియకుండా, మధ్యలో రెండు వెండర్ లేయర్లు తినగా మిగిలింది 80-20లో తీసుకున్న మనకి దీన్ని ఇంతకంటే వివరించాలా?

అభిమానికి నష్టం లేదని మాత్రం మేం అనం. ఉంది. ప్రతి ఏప్రిల్‌లో టీమ్ సగం ఖాళీ అయితే ఎవరిని చూసి జెర్సీ కొనాలి? బ్రేడెన్ స్మిత్‌ని చూడండి. ఇండియానాలోనే వెస్ట్‌ఫీల్డ్ కుర్రాడు, ఆరడుగుల మనిషి, రిక్రూటింగ్ సైట్లు మూడు స్టార్లు ఇచ్చాయి. 2025-26లో నాలుగో ఏడాదీ ఇక్కడే ఆడాడు. 2025 మార్చిలో బిగ్ టెన్ ఉత్తమ ఆటగాడు అయ్యాడు. డ్యూక్‌లో బాబీ హర్లీ పెట్టిన 1,076 అసిస్టుల రికార్డు వైపు వెళ్లాడు. ఫ్లెచర్ లోయర్, ట్రే కాఫ్‌మన్-రెన్ కూడా అలాగే ఉండిపోయారు. ఒక కుర్రాణ్ణి మొదటి ఏడాది తడబడటం దగ్గర్నుంచి చూడటంలో ఉన్న ఆనందం వేరు. అది పోకూడదనే మేమూ కోరుకుంటాం.

అయితే వాళ్లు ఉన్నది తాళం వేసినందుకు కాదు. తలుపు తీసే ఉంది, అయినా వెళ్లలేదు. మ్యాట్ పెయింటర్ స్టార్ల లెక్క చూడకుండా తన పద్ధతికి సరిపోయేవాణ్ణి తెచ్చుకుంటాడు, ఆడిస్తాడు, చెప్పిన మాట మీద ఉంటాడు. ఈడీ ర్యాంకు హైస్కూల్‌లో 400 దాటి ఉండేది! రెజ్యూమెలో పదేళ్ల ఎక్స్‌పీరియన్స్ చూసి తీసుకున్నవాడికీ, కూర్చోబెట్టి కోడ్ రాయించి తీసుకున్నవాడికీ ఉన్న తేడా ఇది. మనలో మేనేజర్లయినవాళ్లకి అర్థమవుతుంది.

ట్రాన్స్‌ఫర్లు ఆపెయ్యాలి, మళ్లీ ఒక సంవత్సరం కూర్చోబెట్టాలి అనేవాళ్లకి మా జవాబు ఒకటే. రెండేళ్లకో మూడేళ్లకో సరైన కాంట్రాక్ట్ రాయండి. కుర్రాడు మధ్యలో వెళ్తే కట్టాలి అంటే, కాలేజీ మధ్యలో తీసేసినా కట్టాలి. కోచ్ మారితే కుర్రాడికి ఉచితంగా వెళ్లే హక్కు ఉండాలి. ఒకవైపే కట్టే తాడుని ఒప్పందం అనరు.

ఇక అసలు పని. 2025-26 సీజన్‌కి ముందు, క్లఫ్, కాఫ్‌మన్-రెన్ ఇద్దర్నీ కలిపి దింపుతారా, లేక అంతకు ముందు సీజన్ రెండో మ్యాచ్‌లోనే కాలు విరిగిన డేనియల్ జేకబ్సన్‌కి మొదటి నుంచీ నిమిషాలు ఇస్తారా అని రూమ్‌లో రోజూ గొడవ. మాలో ఇద్దరు క్లఫ్ వైపు, ఒకరు జేకబ్సన్ వైపు. మేయర్ విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: స్మిత్ వెళ్లిపోయాక బంతి పట్టుకోవాల్సింది అతనే కాబట్టి ఆ ఏడాదే కనీసం పదిహేను నిమిషాలు ఆడించాలి. 2025 మార్చిలో ఇక్కడే ఇండియానాపొలిస్‌లో, సెకను కూడా మిగలని టైంలో హ్యూస్టన్ బుట్ట వేసి 62-60తో ఇంటికి పంపింది, అది ఇంకా అరగలేదు. 2026 ఫైనల్ ఫోర్ కూడా ఇక్కడే, లూకాస్ ఆయిల్ స్టేడియంలో, ఏప్రిల్ 4, 6 తేదీల్లో. టికెట్ రేట్లు చూశాం, టీవీనే గతి. ఫిషర్స్, కార్మెల్ వైపు ఉన్నవాళ్లు ఓపెనింగ్ మ్యాచ్‌కి మా అపార్ట్‌మెంట్‌కి రావాలనుకుంటే కింద కామెంట్ పెట్టండి. పులిహోర మేం చేస్తాం, కూల్‌డ్రింకులు మీరు తెచ్చుకోండి.