పదమూడున్నర గ్రాముల లెక్క

తీపి పానీయాల పేర్లలోంచి ‘ఓఆర్‌ఎస్’ అనే మాట తీసేయాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. అది మార్కెట్‌ గొంతు నొక్కడమేననీ, కంపెనీలు కొత్త సరుకు తెస్తుంటే సర్కారు కాళ్లకు అడ్డం పడుతోందనీ కొందరి వాదన. వాళ్లెవరూ 13.5 అనే అంకె జోలికి పోరు. అసలు తగువంతా ఆ అంకెలోనే ఉంది.

లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్. విరేచనాలతో నీరు కోల్పోయినవారికి పట్టే ఓఆర్‌ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అది. ఒకప్పుడు 20 గ్రాములుండేది. గ్లూకోజ్‌, ఉప్పు రెండూ తగ్గిస్తే విరేచనాలు, వాంతులు తగ్గుతున్నాయనీ, సెలైన్‌ ఎక్కించే అవసరం కూడా అంతగా పడటం లేదనీ పరీక్షల్లో తేలాక 2002లో 13.5కు దించారు. ఇరవయ్యే ఎక్కువని తేలితే, ‘ఓఆర్‌ఎస్’ పేరు తగిలించుకుని అమ్ముడైన కొన్ని పానీయాల్లో లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర ఉండేది! అంత తీపి కడుపులో పడితే ఒంట్లో మిగిలిన నీటిని కూడా పేగుల్లోకి లాగుతుంది. విరేచనాలు కట్టకపోగా ఎక్కువవుతాయి. అప్పటికే నీరు కోల్పోయి కళ్లు లోతుకుపోయిన పసివాడికి తల్లి మందనుకుని పట్టింది దీన్ని.

ఇక ఆవిష్కరణ సంగతి. 1971లో బంగ్లాదేశ్‌ శరణార్థుల మధ్య కలరా చెలరేగినప్పుడు బన్‌గావ్‌ శిబిరంలో సెలైన్‌ సీసాలు అయిపోయాయి. డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఉప్పు, గ్లూకోజ్‌ కలిపిన నీళ్లు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. ఆయన ఆ మిశ్రమం మీద పేటెంటు తీసుకోలేదు. కంపెనీలు వాడుకున్నది ప్రాణాలు నిలిపిన ఆ మిశ్రమం పేరును. దాని కొలతను మాత్రం గాలికొదిలేశాయి. కొత్త రుచి, తాగడానికి సిద్ధంగా ఉండే ప్యాకింగ్‌ మంచివే, కాదనను. 13.5కు కట్టుబడి ఎన్ని రుచులైనా తెచ్చుకోవచ్చు, ఎవరూ అడ్డుకోలేదు.

నియంత్రణ అతిగా ఉందంటున్నవారు 2022ను గుర్తు చేసుకోవాలి. ఏప్రిల్‌లో ఈ పేరు వాడొద్దన్న సంస్థే, జులైలో మెత్తబడింది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌ కాదని డబ్బా మీద ఒక హెచ్చరిక వేస్తే చాలంది. ముందు పెద్ద అక్షరాల్లో ‘ఓఆర్‌ఎస్’ అని రాసి, ఆ పక్కనే ‘ఇది ఓఆర్‌ఎస్‌ కాదు’ అని రాయనిచ్చారు! అర్ధరాత్రి వాంతులతో ఉన్న బిడ్డను చంకనేసుకుని మందుల షాపుకు పరుగెత్తిన తల్లి ఆ ఇంగ్లిషు వాక్యం చదవాలా? మూడేళ్లకు పైగా ఈ దగా చట్టబద్ధంగా సాగింది. హైదరాబాద్‌ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్‌ ఎనిమిదేళ్లు పోరాడితే తప్ప తెర పడలేదు. తప్పు నియంత్రణలో లేదు, అది లొంగిపోవడంలో ఉంది.

మన అంగన్‌వాడీల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అసలైన ప్యాకెట్‌ ఉచితంగా దొరుకుతుంది. షాపులో కొంటే ప్యాకెట్‌ వెనక్కి తిప్పి చూడండి. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్‌, 200 మిల్లీలీటర్లకైతే 2.7 గ్రాములు. ఆ లెక్క లేకపోతే, పేరు ఏదైనా, బిడ్డకు పట్టకండి.